బ్లాక్‌బర్డ్ గిటార్ మీద: 10వ ఫ్రెట్‌కి ఎక్కేసరికి పాట తెగిపోతోంది

ఆరుతీగలు అడిగిన ప్రశ్న

బీటిల్స్ వాళ్ల 1968 నాటి "బ్లాక్‌బర్డ్" నేర్చుకుంటున్నాను. ఓపెన్ కార్డ్స్ అన్నీ వచ్చు, ఒక వేలిని తీగలన్నిటి మీదా పడుకోబెట్టి పట్టే ఎఫ్ బారె శుభ్రంగా పలుకుతుంది, స్ట్రమ్మింగ్‌లో ఇబ్బంది లేదు. ప్లకింగ్, అంటే వేళ్లతో తీగలు గిల్లడం, మాత్రం కొత్త. ఆగిపోతున్న చోట్లు ఇవి:

మొదటి మూడు కార్డ్స్ కింద వాయించి, చేతిని 10వ ఫ్రెట్‌కి, అంటే మెడ మీది పదో లోహపు పట్టీ దగ్గరికి, తీసుకెళ్లేసరికి ఆలస్యమవుతోంది. తొందరపడితే 11 మీదో 13 మీదో పడుతోంది.

పైకి వెళ్లాక మధ్యలో ఓపెన్‌గా, ఏ వేలూ నొక్కకుండా మోగాల్సిన జి స్ట్రింగ్ చచ్చిపోతోంది. టప్ టప్ అని చప్పుడే తప్ప స్వరం లేదు.

దెబ్బలు కొట్టే మెట్రోనోమ్‌ని నాలుగు దెబ్బల లెక్కకి పెడితే మొదటి వరుస దాటకుండానే నేనొక చోట, అదొక చోట.

ఇంకోటి, కార్డ్ షీట్‌లో సి షార్ప్ డిమినిష్డ్, డి షార్ప్ డిమినిష్డ్, బి ఫ్లాట్ 6 అంటూ పెద్ద జాబితా ఉంది. అవన్నీ షేపులుగా బట్టీపట్టాలా? మెడ మీద బిగించే కేపో క్లిప్పు పెట్టి సులువు చేసుకునే దారి ఉందా?

---

మంద్రం సమాధానం

కార్డ్ షీట్‌ని పక్కన పెట్టేయండి. ఈ పాటని కార్డ్స్‌గా చూసినంతకాలం కష్టంగానే ఉంటుంది. ఇందులో ఉన్నవి రెండు గొంతులు, అంటే రెండు స్వరాల వరుసలు, ఒక శ్రుతి. తీగల లెక్క అన్నిటికంటే సన్నది 1, లావుది 6. కింది గొంతు దాదాపు అంతా 5వ స్ట్రింగ్ మీద నడుస్తుంది, పై గొంతు 2వ స్ట్రింగ్ మీద. మధ్యలో 3వ స్ట్రింగ్, అంటే జి, తంబూరాలా పాట పొడుగునా ఓపెన్‌గా మోగుతూ ఉంటుంది. 4వ స్ట్రింగ్‌తో ఒక్కచోట తప్ప పనిలేదు, 1వ స్ట్రింగ్‌తో అసలు లేదు.

ఆ భయపెట్టే పేర్లన్నీ ఇక్కడినుంచే వచ్చాయి. కింద బి ఫ్లాట్, పైన డి పట్టుకుంటే మధ్యలో జి ఎలాగూ మోగుతోంది కాబట్టి రాసేవాళ్లు దానికి "6" తగిలించారు. మీ వేళ్లకి అది రెండు చుక్కలు, అంతే. కేపో అక్కర్లేదు, మామూలు ట్యూనింగే. ఇంకో కీలోకి మార్చి ఓపెన్ కార్డ్స్‌తో వాయించొచ్చు గానీ, అప్పుడు మధ్యలో మోగే ఆ జి పోతుంది. అది పోతే ఈ పాటలో మిగిలేది తక్కువ.

జతలుగా రాస్తున్నాను. మొదటి అంకె 5వ స్ట్రింగ్ మీది ఫ్రెట్, రెండోది 2వ స్ట్రింగ్ మీది ఫ్రెట్. సున్నా అంటే ఓపెన్.

మొదటి వరుస: ముందు 6వ స్ట్రింగ్ 3వ ఫ్రెట్‌తో 2వ స్ట్రింగ్ ఓపెన్. తర్వాత 0-1, 2-3, అక్కడినుంచి 10-12.

రెండో వరుస: 3-5, 4-5, 5-7, 6-7, 7-8, ఆపైన 6-8.

దిగేటప్పుడు: 5-7, 4-5, 3-5, 3-4.

చివర: 2-3, 0-2, తర్వాత 4వ స్ట్రింగ్ ఓపెన్‌తో 2వ స్ట్రింగ్ 1, చివరికి మళ్లీ 6వ స్ట్రింగ్ 3తో 2వ స్ట్రింగ్ ఓపెన్.

గమనించారా, రెండు అంకెల మధ్య తేడా ఎప్పుడూ ఒకటో రెండో. 10-12, 3-5, 5-7 లాంటివి రెండు ఫ్రెట్ల జతలు. వాటికి చూపుడువేలు 5వ స్ట్రింగ్ మీద, ఉంగరపువేలు 2వ స్ట్రింగ్ మీద. 2-3, 4-5, 7-8, 3-4 లాంటివి ఒక ఫ్రెట్ జతలు. వాటికి చూపుడువేలు, మధ్యవేలు. దాదాపు పాట మొత్తానికి ఎడమచేతి షేపులు ఈ రెండే. ఒక్క 6-8 దగ్గర జాగ్రత్త: ఎక్కేటప్పుడు 6కి జోడీ 7, దిగడం మొదలయ్యేటప్పుడు అదే 6కి జోడీ 8. చాలామంది రెండుచోట్లా ఒకటే వాయించి, ఏదో తేడాగా ఉందని అనుకుంటారు గానీ ఎక్కడో పట్టుకోలేరు.

ఇక 10వ ఫ్రెట్ సంగతి. మామూలు అకూస్టిక్‌లో 2వ ఫ్రెట్ నుంచి 10కి దాదాపు 21 సెంటీమీటర్ల దూరం. అదొక్కటే అయితే పర్వాలేదు, పైకి వెళ్లేకొద్దీ ఫ్రెట్లు దగ్గరవుతాయి. 3 నుంచి 5కి సుమారు 59 మిల్లీమీటర్లుంటే, 10 నుంచి 12కి 40 కూడా ఉండదు. కింద వాయించినంత వెడల్పుగా వేళ్లు చాపుకుని పైకి వెళ్తే ఉంగరపువేలు 13 మీద పడుతుంది. మీకు జరుగుతున్నది అదే. దారిలోనే వేళ్లు కాస్త దగ్గరకి ముడుచుకోవాలి.

చూపు ముందు వెళ్లాలి, చెయ్యి తర్వాత. 2-3 మోగించగానే కళ్లు 12వ ఫ్రెట్ దగ్గరున్న జంట చుక్కల మీద ఉండాలి. ఉంగరపువేలికి అదే గురి. చూపుడువేలికి గురి అక్కర్లేదు. 5వ స్ట్రింగ్ మీద 2 నుంచి 10 దాకా వదలకుండా, నొక్కకుండా, ఆనించి జరిపితే ఆ తీగే దారి చూపిస్తుంది. నొక్కి జరిపితే చుట్టుతీగ కీచుమంటుంది. పూర్తిగా ఎత్తేస్తే దారి తప్పుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న స్పర్శ కోసం రోజూ ఐదు నిమిషాలు ఈ ఒక్క కదలికే చేయండి, కుడిచెయ్యి లేకుండా.

మెడ వెనక బొటనవేలు కింద ఉండిపోకుండా చేతితోపాటు ప్రయాణం చేయాలి. కదలిక మోచేతి నుంచి రావాలి, మణికట్టు మెలికపడకూడదు.

---

చూపుడువేలు సమాధానం

మంద్రం గారు ఎడమచెయ్యి చెప్పేశారు. కానీ ఆలస్యానికి అసలు మందు కుడిచేతిలో ఉంది.

ప్రతి జత తర్వాత అర దెబ్బకి ఓపెన్ జి వస్తుంది. ఓపెన్ స్ట్రింగ్ మోగడానికి ఎడమచెయ్యి అక్కడ ఉండాల్సిన పనిలేదు కదా! 2-3 జత మోగించారు, వెంటనే చూపుడువేలు జి మీటింది. ఆ జి మోగుతున్నంతసేపూ ఎడమచెయ్యి ప్రయాణంలో ఉండొచ్చు. నిమిషానికి 94 దెబ్బల వేగంలో ఆ అర దెబ్బ సుమారు 0.32 సెకన్లు. 60లో అయితే సరిగ్గా అర సెకను. జి మీటాక కూడా చెయ్యి కిందే పట్టుకుని ఉంటే ఆ సమయమంతా వృథా. జి మీటడమే ఎడమచేతికి బయలుదేరే గంట అనుకోండి.

వేళ్ల పని: బొటనవేలు బాస్ మీద, మధ్యవేలు 2వ స్ట్రింగ్ మీద, రెండూ ఒకేసారి గిల్లాలి. చూపుడువేలు 3వ స్ట్రింగ్‌కే. "ఒకటి" అన్నప్పుడు గిల్లడం, "అండ్" అన్నప్పుడు జి. ముందు ఎడమచెయ్యి అసలు పెట్టకుండా అన్నీ ఓపెన్‌గానే ఇది పది నిమిషాలు చేయండి. బొటనవేలు 5 మీద, మధ్యవేలు 2 మీద, మధ్యలో 4 తగలకుండా. 4 మోగితే బొటనవేలు లోపలికి, అరచేతి వైపు ముడుచుకుంటోందని అర్థం. బొటనవేలు కాస్త ముందుకి, తలవైపు ఉండి, చూపుడువేలితో ఎక్స్ ఆకారంలో ఉండాలి.

10-12 మీద నిలబడినప్పుడు అదే పట్టు మీద కొనసాగాలి. అక్కడ గిల్లడం, జి, 2వ స్ట్రింగ్ ఒక్కటే, జి. ఈ నాలుగూ తిప్పుతూ ఉంటే మొదట్లో సరిపోతుంది. రికార్డులో ఇంకా చిక్కగా వినిపించడానికి కారణం, ఈ పాట పాడి వాయించిన బీటిల్స్ పాల్ మెకార్ట్నీ మనలా మూడు వేళ్లు వాడడు. బొటనవేలు బాస్‌కి, పై స్ట్రింగ్స్‌కి ఒక్క చూపుడువేలే, దాన్ని గోరుతో కిందికీ పైకీ చిన్నగా దులుపుతాడు. అందుకే ఆ చిన్న స్ట్రమ్ లాంటి గరుకు. మూడు వేళ్లతో పాట నిలబడ్డాకే ఆ దులుపు మొదలుపెట్టండి. ముందే మొదలుపెడితే 1వ స్ట్రింగూ 4వ స్ట్రింగూ తగిలి గందరగోళం.

ఇంకో చిక్కు వరుస చివర ఉంది. పాటంతా బొటనవేలు 5 మీదే ఉండి, చివరి మూడు జతల్లో వరసగా 5, 4, 6 మీదికి వెళ్లాలి. ఎడమచెయ్యి సరిగ్గా పెట్టినా అక్కడ తప్పు స్వరం వస్తోందంటే బొటనవేలు అలవాటుకొద్దీ 5 మీదే ఉండిపోయింది. ఆ మూడు జతలూ విడిగా, బాస్ ఒక్కటే మీటుతూ, ఇరవైసార్లు.

---

తాళంకట్టు సమాధానం

మెట్రోనోమ్ తప్పు కాదు, మీ తప్పూ కాదు. పాటే నాలుగులో ఉండదు.

మొదటి వరుసలో మొదటి గడి (బార్, అంటే దెబ్బల ఒక గుంపు) మూడు దెబ్బలది: 6వ తీగ జత ఒక దెబ్బ, 0-1 ఒక దెబ్బ, 2-3 ఒక దెబ్బ. 10-12 మీద పడటంతో నాలుగు దెబ్బల గడి మొదలు. ముందుకెళ్తే రెండు దెబ్బల గడులూ వస్తాయి. మన మాటల్లో చెప్పాలంటే తిశ్రంతో ఎత్తుకుని చతురశ్రంలోకి దిగుతుంది. మెట్రోనోమ్‌ని నాలుగుకి పెడితే 10-12 మీద పడాల్సిన బరువు దెబ్బ మీకు దాని తర్వాత వినిపిస్తుంది, అక్కడినుంచి అంతా జారుతుంది.

చేయాల్సింది: యాప్‌లో గట్టి దెబ్బ ఆపేసి, అన్నీ ఒకేలా వినిపించేలా పెట్టండి. మీకు కావాల్సింది దెబ్బే, గడి కాదు. గడి ఎక్కడ మొదలవుతుందో పాట పాడితే దానంతట అదే తెలుస్తుంది. నిజానికి గడులు అలా మారడానికి కారణమే మాటల నడక. వాయించేముందు ఒకసారి పాదంతో దెబ్బ వేస్తూ, గిటార్ లేకుండా పాడండి.

రికార్డులో టిక్ టిక్ అని వినిపించేదాన్ని చాలాకాలం మెట్రోనోమ్ అనుకున్నారు. అది పాదంతో వేసిన దెబ్బే. పాట మొత్తం ఒక్కడి గొంతు, ఒక గిటార్, ఆ పాదం, తర్వాత కలిపిన పిట్ట కూత, అంతే. 1968 జూన్ 11న రికార్డు చేశారు. మీ పాదం కూడా అలా తిన్నగా పడుతుంటే మెట్రోనోమ్ మానేయొచ్చు.

వేగం: 50 దగ్గర మొదలుపెట్టి నాలుగేసి పెంచండి. అసలు వేగం 90 నుంచి 95 మధ్య. 70 దగ్గర 10-12 శుభ్రంగా పడకపోతే 74కి వెళ్లొద్దు. పాట మొత్తం కాక, 2-3 నుంచి 10-12 వరకు రెండు జతలే తిప్పుతూ వేగం పెంచి, ఆ తర్వాత వరుసకి కలపండి.

---

ఆరుతీగలు

జి మీటగానే చెయ్యి బయలుదేరాలన్న మాట ఒక్కటీ చాలా మార్చింది, 60లో పడుతోంది. ఇంకా రెండు సందేహాలు. పైన జి ఇప్పటికీ సగంసార్లు చచ్చిపోతోంది. పడినప్పుడు కూడా 10-12 దగ్గర ఏదో అపశ్రుతి, వావ్ వావ్ అని ఊగుతోంది. ట్యూనర్ చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

రెండోది, మధ్యలో పిట్టని ఎగరమని పిలిచే భాగం జతలు కూడా ఎవరైనా చెప్తారా?

---

మంద్రం

రెండూ వేర్వేరు జబ్బులు.

జి చచ్చిపోవడం: చూపుడువేలు 5వ స్ట్రింగ్ మీద ఉండాలంటే 4, 3 మీదుగా వంగి వెళ్లాలి. అది బల్లపరుపుగా పడుకుంటే జి మీద ఆనుతుంది. ఎఫ్ బారె బాగా వచ్చినవాళ్లకి ఇది ఎక్కువ, వేలు పడుకోబెట్టడం అలవాటైపోయి ఉంటుంది. వేలికొసతో, గోరు పక్కనే ఉన్న భాగంతో నొక్కండి. వేలు లోపలివైపు 4కి ఆనితే మంచిదే, అది మోగకుండా ఉంటుంది. 3కి మాత్రం ఆనకూడదు. మోచెయ్యి ఒంటికి కాస్త దగ్గరగా తెచ్చి, మణికట్టు కొద్దిగా ముందుకి తోస్తే వేలు దానంతట అదే నిలబడుతుంది. ఎడమచేతి గోళ్లు కత్తిరించి ఉండాలి, లేకపోతే కొసతో నొక్కడం కుదరదు. రెండో అనుమానం ఉంగరపువేలు. 2వ స్ట్రింగ్ మీద దాని కొస లావుగా పడితే పక్కనున్న 3కి తగులుతుంది. ఏ వేలో తెలుసుకోవడానికి ఒక్కో వేలు ఎత్తి జి మీటి చూడండి.

ఊగడం: 5వ స్ట్రింగ్ 10వ ఫ్రెట్, ఓపెన్ 3వ స్ట్రింగ్, రెండూ ఒకే స్వరం. ఒకే స్థాయిలో ఒకే జి, 196 హెర్ట్జ్. రెండు తీగలు కలిసి ఒకే స్వరం పలుకుతున్నప్పుడు ఒకటి రవ్వంత పైకున్నా ఆ ఊపు వినిపిస్తుంది. వేరే పాటలో ఎవరికీ తెలియని లోపం ఇక్కడ బయటపడుతుంది. ట్యూనర్ చూసేది ఓపెన్ తీగని, మీరు వాయించేది నొక్కిన తీగని. అవసరానికి మించి గట్టిగా నొక్కినా, తీగని పక్కకి లాగినా స్వరం పైకి పోతుంది. పై ఫ్రెట్లలో తీగ ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ.

ముందు ఒత్తిడి తగ్గించి చూడండి. తగ్గకపోతే 5వ స్ట్రింగ్ 12 దగ్గర హార్మోనిక్ (తీగని నొక్కకుండా ఊరికే తాకి మీటే స్వరం), అదే 12 దగ్గర నొక్కిన స్వరం, రెండూ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కింది పైకుంటే ముందు తీగలు మార్చండి, పాతబడిన తీగలు ఇలా చేస్తాయి. కొత్త తీగలతోనూ అలాగే ఉంటే తీగల ఎత్తు, సాడిల్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే సన్నపట్టీ) చూపించాలి. ఆ పని సెటప్ చేసేవాళ్లకి ఇవ్వండి, సాడిల్ అరగదీయడం ఇంట్లో చేసేది కాదు.

---

చూపుడువేలు

మధ్య భాగం: 8-10, 7-8, 5-6, 3-5, 1-3, 3-5. ఇది ఒక చుట్టు. రెండో చుట్టులో 8-10, 7-8, 5-6, 3-5, 1-3 దాకా అదే, ఆ తర్వాత మళ్లీ 3-5కి పోకుండా 0-2, తర్వాత 4వ స్ట్రింగ్ ఓపెన్‌తో 1, అక్కడినుంచి 6వ స్ట్రింగ్ 3.

ఇక్కడ గోల 8-10 నుంచి 7-8కి దిగేటప్పుడు. రెండు ఫ్రెట్ల జత నుంచి ఒక ఫ్రెట్ జతకి మారుతున్నారు కాబట్టి పైన వేలు మారాలి, ఉంగరపువేలు లేచి మధ్యవేలు దిగాలి. ఉంగరపువేలినే లాక్కొచ్చి పెట్టొచ్చు, నెమ్మదిగా అయితే కుదురుతుంది, వేగంలో 5-6 దగ్గర ఇరుకైపోతుంది. చూపుడువేలు మాత్రం 8, 7, 5, 3, 1 అంటూ తీగ వదలకుండా మెట్లు దిగినట్టు దిగాలి. ముందు చూపుడువేలొక్కటే దింపి, బాస్ స్వరాలు పాటలా వినిపించాక పై వేలు కలపండి.

1-3 దగ్గర కొందరికి చెయ్యి చాలదు, ఫ్రెట్లు అక్కడ బాగా వెడల్పు. ఉంగరపువేలు బదులు చిటికెనవేలు వాడండి.

---

కొత్తచివురు

మంద్రం గారూ, ఇలా కింది స్వరం నుంచి లెక్కిస్తే పదో స్వరం దూరంలో జతలు నడిపించడం మెకార్ట్నీ ఎక్కడ నేర్చుకున్నాడు? క్లాసికల్ గిటార్‌లో ఇలాంటివి చాలా ఉంటాయి కదా.

---

మంద్రం

అక్కడిదే. బాఖ్ లూట్ అనే పాత తీగవాయిద్యం కోసం రాసిన ఇ మైనర్ బూరే అనే నాట్యపు బాణీ, అతని రచనల జాబితాలో బిడబ్ల్యువి 996, క్లాసికల్ గిటార్ నేర్చుకునేవాళ్లందరికీ తెలుసు. కుర్రతనంలో తనూ బీటిల్స్‌లోని జార్జ్ హారిసనూ దాన్ని సరదాకి వాయించేవాళ్లమని, పైనా కిందా రెండు గొంతులు కలిసి కదిలే ఆ పద్ధతి నుంచే ఇది పుట్టిందని మెకార్ట్నీయే చెప్పాడు. ఆ బూరే మొదటి ఎనిమిది గడులు నెమ్మదిగా వాయిస్తే బొటనవేలు, మధ్యవేలు ఒకేసారి గిల్లే పని దీనికి బాగా అక్కరకొస్తుంది. అయితే అందులో మధ్యన మోగే ఓపెన్ జి లేదు, ఆ కలపడం ఇతనిదే.

---

ఆరుతీగలు

నొక్కుడు తగ్గించగానే ఊగడం చాలావరకు పోయింది, తీగలు కూడా పాతవే, మారుస్తాను. చివరి ప్రశ్న: పాడుతూ వాయించడం ఎప్పుడు మొదలుపెట్టాలి? నోరు తెరవగానే బొటనవేలు ఆగిపోతోంది.

---

తాళంకట్టు

గిటార్ 70 దగ్గర, చేతుల వైపు చూడకుండా, 10-12 దూకుడు తప్ప అంతా నడిచినప్పుడు. అంతకంటే ముందు వద్దు. మొదలుపెట్టేటప్పుడు మాటలొద్దు, పై స్వరాన్ని "నా నా" అని పాడండి. గొంతు చాలాచోట్ల 2వ తీగ చుట్టూనే తిరుగుతుంది కాబట్టి చెవికి ఆసరా దొరుకుతుంది. తర్వాత మాటలు, ఒక్క వరుసే. 3-5 నుంచి 7-8 దాకా ఎక్కే వరుసతో మొదలుపెట్టండి, మొదటి వరుసతో కాదు. అక్కడ దూకుడు లేదు, చెయ్యి మెట్టుమెట్టుగా ఎక్కుతుంది, దెబ్బకో జత, లెక్క తిన్నగా ఉంటుంది. అది కుదిరాక దిగే వరుస, తర్వాత ముగింపు, అన్నిటికంటే ఆఖర్న మొదటి వరుస.

పాట చివర ఆఖరి మాటల వరుస మూడుసార్లు వస్తుంది, ఆ 5, 4, 6 బొటనవేలి నడక కూడా దానితోపాటే. పాడుతూ వాయించేటప్పుడు ఎక్కువగా తప్పేది ఆ రెండోసారి. పాట అయిపోయిందనుకుని చెయ్యి 6వ తీగ మీద నిలబడిపోతుంది. మూడోది అయ్యేదాకా పాదం ఆపకండి.